చిరిగింది కాదు, కోసింది

పోయినవారం కథలో మనం చూసేసరికి డ్రయ్యరు మూతి దగ్గర సీలు భళ్ళున చిరిగిపోయి, ఫర్నేసు మంట బయటికి ఎగదన్ని, ఆపరేటరు కుడిచెయ్యి మోచేతిదాకా కాలింది. ఆ ఆపరేటరు వేరెవరో కాదు, ప్లాంటులో మెయింటెనెన్సు చూసే ఇంజనీరమ్మకు స్వయానా అక్క మొగుడు. ఆస్పత్రివాళ్ళు కట్టు కట్టి ఇంటికి పంపారు. యంత్రం ఆగింది. చల్లారింది. ఈ పొద్దున మేనేజరు వచ్చి, చిరిగిన సీలు వైపు ఒకసారి, దాన్ని కిందటిసారి బిగించిన ముసలి ఫిట్టరు వైపు ఒకసారి చూసి, "సాయంత్రానికి కొత్తది ఎక్కాలి. ఈయన చేతిపని ఇంక చాలు, రేపట్నుంచి రానక్కర్లేదని మీరే చెప్పండి" అని ఇంజనీరమ్మ నెత్తిన ఆ భారం పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ డ్రయ్యరు చూడ్డానికి పడుకోబెట్టిన పొగగొట్టంలా ఉంటుంది. బస్సు దూరిపోయేంత లావు ఇనుప డ్రమ్ము, రెండుచోట్ల ఉక్కు కడియాలు తొడుక్కుని, ఆ కడియాల కిందున్న రోలర్ల మీద ఆనుకుని నిదానంగా తిరుగుతూ ఉంటుంది. ఒక కొసన తడి పింగాణీ మట్టి, ఫర్నేసు వేడి కలిసి లోపలికి వెళ్తాయి. రెండో కొసన పొడి రాలుతుంది. తిరిగే డ్రమ్ముకీ, కదలకుండా దాని మూతికి తొడిగి ఉండే హుడ్డుకీ మధ్య సందు ఉంటుంది కదా, ఆ సందుని మూసేదే సీలు. వేడికి ఓర్చే నారతో నేసిన మందపాటి పట్టీలు, వాటి మీద పల్చటి స్ప్రింగు రేకులు, చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని, నడుముకి ఉక్కుతాడు బిగించుకుని డ్రమ్మును ఒరుసుకుంటూ ఉంటాయి. అది బాగున్నంతకాలం దాని ఊసు ఎవరూ ఎత్తరు.

ఇంజనీరమ్మ హుడ్డు కింద గచ్చు మీద, చిరిగిన పట్టీల మధ్య గొంతుక్కూర్చుని ఉంది. మేనేజరు చెప్పమన్న మాట ఆమె ఇంకా చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి ఎదురుగానే ఉన్నాడు. వరసకి ఎవరికీ బాబాయ్ కాడు, పిలుపుకి అందరికీ బాబాయే. కొత్త పట్టీలకి బోల్టు కన్నాలు సరిచూసుకుంటూ తనలో తను మాట్లాడుకుంటున్నాడు.

"పొలుసులు డ్రమ్ము తిరిగే వైపుకే పరిచానమ్మాయ్. ఎదురు పరిస్తే డ్రమ్ము వాటిని లేపి పారేస్తుంది. ఆ మాత్రం తెలీదా నాకు? అటువైపుకే పరిచాను." బోల్టు ఒకటి కన్నంలో పెట్టి తీశాడు. "పరిచాననే అనుకుంటున్నాను."

ఆ చివరి మాటకి ఆమె తలెత్తి చూసింది. పని విషయంలో బాబాయ్ నోట 'అనుకుంటున్నాను' అనే మాట ఎప్పుడూ విని ఎరగదు.

"నువ్వు సరిగ్గానే పరిచావు బాబాయ్. చూస్తున్నాను కదా," అంటూ ఒక పట్టీ చేతిలోకి తీసుకుంది. నల్లగా మాడి, బూడిద రాలుతోంది. వెలుతురులోకి తిప్పింది. మళ్ళీ తిప్పింది.

చిరుగుకీ కోతకీ తేడా ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. అక్క కుట్టుమిషను కింద పీలికలతో ఆడుకుంటూ పెరిగిన పిల్ల. చిరిగిన గుడ్డ అంచున పోగులు ఎటు పడితే అటు లేచి కుచ్చులు కుచ్చులుగా వేలాడతాయి. ఈ పట్టీ అంచు సగం దాకా అలాగే ఉంది. మిగతా సగం మాత్రం దువ్విన జుట్టులా నున్నగా ఉంది. పైపొర మీద గీత పొడుగ్గా, లోపొర మీద పొట్టిగా. అంటే కత్తి బయటినుంచి లోపలికి దిగింది. బయటినుంచి దిగాలంటే మనిషి హుడ్డు పక్కనున్న ప్లాట్‌ఫారం మీద నిలబడాలి.

ఆ రోజు ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడినవాడు ఒక్కడే. గ్రీజు పెడుతుంటే మంట తగిలిందని చెప్పాడు. ఆ ప్లాట్‌ఫారం మీద గ్రీజు పెట్టే చోటంటూ ఏదీ లేదు. కాలిన చెయ్యి చూసిన కంగారులో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. ఆమెకీ తట్టలేదు.

పట్టీని చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని లేచింది.

సరిగ్గా అప్పుడే గేటు వైపునుంచి ఆయన రానే వచ్చాడు. చెయ్యి మెడకి వేలాడుతోంది, మొహంలో మాత్రం ఎప్పటి నవ్వే.

"మేడమ్ గారూ, ఎడంచేత్తో సలాం కొడుతున్నా, తప్పుగా అనుకోకండి," అన్నాడు. ప్లాంటులో మేడమ్ అనీ, ఇంట్లో మరదలా అనీ పిలవడం, రెండుచోట్లా ఆటపట్టించడం ఆయన అలవాటు.

"బావా, ఇలా రా."

"అమ్మో. ప్లాంటులో బావా అన్నావంటే ఏదో కొంప మునిగిందన్నమాటే."

ఆమె నవ్వలేదు. ప్యానెల్ రూము వెనకాల ఫిల్టరు సంచులు పెట్టే గదిలోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. పట్టీని బల్ల మీద పరిచింది.

"ఇదేంటి?"

"సీలు ముక్క."

"ఈ అంచు చూడు."

"చూశాను. చిరిగింది."

"అక్కకి చూపించనా? చిరిగిందో కోసిందో కళ్ళు మూసుకుని వేలితో తడిమి చెప్పేస్తుంది."

బావ మొహంలో నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది గానీ, దాని వెనకాల మనిషి లేడు. నోరు తెరవబోయాడు. ఇంతలో ఆమె ఫోను మోగింది. అక్క.

"ఒసేయ్, మీ బావ కట్టు మార్పించుకొస్తానని బయల్దేరారు. ఆస్పత్రివాళ్ళేమో రాలేదంటున్నారు. అక్కడికి గానీ వచ్చారా?"

"ఇక్కడే ఉన్నాడక్కా."

"అనుకున్నాను. ఆ డబ్బా మొహం చూడకపోతే ముద్ద దిగదు ఆ మనిషికి. చెయ్యి కిందికి వేలాడెయ్యొద్దని చెప్పు, నీరు దిగుతుంది. నీ మాటైతే వింటారు."

గది చిన్నది. అక్క గొంతు పెద్దది. బావ ఆ మాట విని, కట్టున్న చేతిని ఎత్తి గుండె మీద పెట్టుకున్నాడు. ఫోను పెట్టేశాక కూడా దించలేదు.

"కోశాను," అన్నాడు.

చంకలో పట్టీ పెట్టుకున్న క్షణం నుంచి ఆమెకి తెలుసు.

"ఎందుకు?"

"ఆగాలని."

"ఏం ఆగాలని?"

"డ్రమ్ము. ఆపమంటే ఎవరూ ఆపరు. సీలు పోతే ఆపక చస్తారా?" గొంతు తగ్గించాడు. "చప్పుడొస్తోంది మరదలా. తిరిగినప్పుడల్లా ఒకసారి. వేడిగాలి లాగే ఫ్యాను హోరులో చెవికి అందదు. రెయిలింగు మీద అరచెయ్యి ఆనిస్తే తెలుస్తుంది. మేనేజరుకి చెప్పాను. లోపల మట్టిగడ్డలు పడుతున్నాయన్నాడు. మళ్ళీ చెబితే చెవుల డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడు." కళ్ళెత్తి చూశాడు. "నీకూ చెప్పాను."

చెప్పాడు. అక్కావాళ్ళింట్లో భోంచేస్తుండగా చెప్పాడు. ఆమె ఫోను చూసుకుంటూ, 'వచ్చే షట్‌డౌన్‌లో చూద్దాంలే బావా' అంది.

"డ్రమ్ముకి పగులు పట్టిందని నా అనుమానం," అన్నాడు బావ. "ఆ వేడి మీద, ఆ బరువు మీద విరిగిందనుకో. కింద పొడి మోసుకెళ్ళే కన్వేయరు దగ్గర ఎంతమంది ఉంటారు? నాకు నిద్ర పట్టడం మానేసింది. బెల్టు కోసే కత్తి తీసుకుని కాస్త గాటు పెట్టాను. మెల్లగా చిరుగుతుంది, వాళ్ళే చూసి ఆపుతారనుకున్నా. మంట ఇలా ఎగదన్నుతుందని..." తల అడ్డంగా ఊపాడు. "బుర్ర తక్కువ పని."

"బుర్ర తక్కువ పని కాదు బావా, నేరం. ఆ సమయానికి ఇంకెవరైనా మెట్లెక్కి వస్తే?"

"చుట్టూ చూసుకున్నాకే—"

"బాబాయ్‌ని కూడా చూసుకున్నావా?"

"బాబాయ్‌కేమైంది?"

ఆయనకి తెలియదు. కట్టు కట్టించుకుని ఇంట్లో పడుకున్న మనిషికి ఎవరు చెబుతారు? ఆమె చెప్పింది. మేనేజరు అన్న మాట అన్నట్టే చెప్పింది. 'అనుకుంటున్నాను' అన్న మాటతో సహా చెప్పింది. బావ సంచుల మూట మీద కూలబడ్డాడు.

"ముందు లోపలికెళ్ళి చూడు," అన్నాడు చివరికి. "పగులు కనబడనీ. అందరి ముందూ నేనే చెబుతాను."

"కనబడకపోతే?"



ఆమె మోటారు స్విచ్చుకి తన తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంది. లోపలి గాలి పరీక్ష చేయించి, బాబాయ్‌ని మనిషి దూరే తలుపు దగ్గర కాపలా పెట్టి, చేతిదీపం, సుత్తి పట్టుకుని డ్రమ్ములోకి దూరింది. ఇనుము ఇంకా గోరువెచ్చగా ఉంది, బూట్ల అడుగునుంచి తెలుస్తోంది. మట్టిని ఎత్తి పోసే రేకులు చుట్టూ అరలు అరలుగా, నోరు తెరుచుకుని నిలబడ్డట్టున్నాయి. అడుగు వేస్తే తెల్లటి పొడి లేచి గొంతుకి అడ్డం పడుతోంది.

ప్రతి వెల్డింగు అతుకు దగ్గరా దీపం ఆనించి చూసింది. సుత్తితో కొట్టి విన్నది. పగిలిన ఇనుము పగిలిన కుండలా బొంగురుగా పలుకుతుంది. ఇది గంటలా ఖంగున పలుకుతోంది. సీలు ఒరుసుకునే చోట వేళ్ళతో తడిమింది. గీతలున్నాయి, అరుగుదల ఉంది, పగులు లేదు. మళ్ళీ మొదటినుంచి చూసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక యంత్రం పాడై ఉండాలని కోరుకోవడం అదే మొదటిసారి. కోరుకున్నంత మాత్రాన ఇనుము పగలదు కదా.

బయటికి వచ్చేసరికి కనుబొమ్మలతో సహా తెల్లబడి ఉంది. బావ తలుపు దగ్గరే ఉన్నాడు. ఆమె మొహం చూడగానే అర్థమైపోయింది ఆయనకి.

"ఏమీ లేదు బావా. డ్రమ్ము నిక్షేపంలా ఉంది."

పక్కనే బాబాయ్ కొత్త పట్టీ భుజాన వేసుకుని ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆయన ముందు ఇంకేమీ మాట్లాడలేక ఆమె పనిలో పడింది.

కొత్త సీలు కట్టడం మొదలైంది. బాబాయ్ కిందినుంచి పైకి, ఒక్కో పట్టీ ముందుదాని మీద సగం కప్పుతూ పరుస్తుంటే, ఆమె బోల్టులు వేళ్ళతో ఎక్కిస్తూ వచ్చింది. ముందే బిగించకూడదు. అన్నీ కుదురుకున్నాక, ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ రావాలి. లేకపోతే ఒకవైపు లాగి, రెండోవైపు నోరు తెరుస్తుంది. బావ కింద నిలబడి ఎడంచేత్తో నట్లు అందిస్తున్నాడు. వెళ్ళమంటే వెళ్ళలేదు.

ఉక్కుతాడు చుట్టి, చివర బరువు తగిలించే సమయానికి బాబాయ్ ప్రతి పొలుసునీ వేలితో తడిమి చూసుకోవడం మొదలుపెట్టాడు. తడిమినదాన్నే మళ్ళీ తడుముతున్నాడు. ఆమెని పిలిచి, "నువ్వూ ఒకసారి చూడమ్మాయ్. నా కళ్ళని నేను నమ్మలేకపోతున్నాను," అన్నాడు.

అప్పుడు మాట్లాడాడు బావ.

"నీ కళ్ళకేం కాలేదు బాబాయ్. ఆ సీలు నేనే కోశాను."

బాబాయ్ చెయ్యి పట్టీ మీదే ఆగిపోయింది. మెల్లగా నిచ్చెన దిగాడు. బావకి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కొడతాడనుకుంది ఇంజనీరమ్మ. కొట్టినా అడ్డుపడకూడదనుకుంది.

"కోశావా?"

"కోశాను. చప్పుడొస్తోంటే ఎవరూ వినలేదు. ఆపడానికి వేరే దారి కనబడలేదు. నీ మీద పడుతుందని కల్లో కూడా అనుకోలేదు."

బాబాయ్ ఆయన కట్టు వైపు చూశాడు, మొహం వైపు చూశాడు.

"మా ఇంట్లో దానికి చెప్పానురా, నా చెయ్యి పాడైపోయిందని. ఇంక పని మానేస్తానని చెప్పాను. అది ఏడుస్తూ కూర్చుంది." మాట పూర్తికాక మొహం తిప్పుకుని, తుడుచుకునే గుడ్డతో ముక్కు తుడుచుకున్నాడు. అటు తిరిగే అడిగాడు. "ఏం చప్పుడు?"

"టంగుమని. తిరిగినప్పుడల్లా ఒకసారి."

"లోపల ఏమీ లేదు బాబాయ్. నేను చూశాను," అంది ఆమె.

"లోపల లేకపోతే బయటుంటుంది," అన్నాడు బాబాయ్ విసుగ్గా. "ఎక్కడా లేకపోతే వీడి బుర్రలో ఉంటుంది. తిప్పి వింటే తెలుస్తుంది. సీలు సంగతి తర్వాత తేల్చుకుందాం. నీ సంగతి కూడా," అని బావని ఒక చూపు చూసి మళ్ళీ నిచ్చెనెక్కాడు.

అప్పుడు వెలిగింది ఆమెకి. వేడి డ్రమ్ముని ఆపేస్తే బరువుకి వంగిపోతుంది. అందుకే చల్లారేదాకా చిన్న మోటారుతో తిప్పుతూనే ఉన్నారు. కానీ అంతసేపూ పెద్ద ఫ్యాను కూడా తిరుగుతూనే ఉంది. ఆ హోరులో పక్కన నిలబడి అరిచినా వినబడదు. ఫ్యాను ఆపి, నిశ్శబ్దంలో, ఆ డ్రమ్ముని తిప్పి చూసినవాళ్ళు ఈ ప్లాంటులో ఎవరూ లేరు.

మేనేజరు చెప్పిన సమయానికే వచ్చాడు. కార్మికులు చాటుగా ఆయన్ని 'గడియారం' అని పిలుచుకుంటారు. నడుస్తూనే చేతి వాచీ చూసుకున్నాడు.

"ఎక్కిందా? మంచిది. ఫ్యాను వేసి ఫర్నేసు వెలిగించండి. ఈయనకి చెప్పేశారా?"

"చెప్పలేదు సార్. చెప్పను కూడా," అంది ఇంజనీరమ్మ. "సీలు బిగింపులో లోపం లేదు."

"మరి?"

ఆమె నోరు విప్పేలోపు బావ ముందుకొచ్చాడు. "నేనే కోశాను సార్. మీరు ఆ చప్పుడు వినలేదని కోశాను."

మేనేజరు మొహం నల్లబడి, ఎర్రబడింది. "యంత్రాన్ని కోశావా? మతుందా నీకు? దీని మీద లోపలేయిస్తాను, తెలుసా?"

"వేయించండి సార్. అది నా తప్పే. చప్పుడు సంగతి చూసి వేయించండి."

"ఏ చప్పుడూ లేదు! ఎన్నిసార్లు చెప్పాలి? ఆ డ్రమ్ములో ఏ చప్పుడూ లేదు."

"అయితే తిప్పి చూపిస్తాను సార్," అంది ఇంజనీరమ్మ. "ఫ్యాను లేకుండా. కొత్త సీలు ఎక్కడ ఎక్కువ ఒరుసుకుంటోందో వినాలి. అది వినకుండా వేడి ఎక్కించనివ్వను. సీలు నా బాధ్యత."

ఆయన కాదనడానికి కారణం దొరకలేదు. పెదవి విరిచి, చెయ్యి ఊపాడు.

అందరినీ పక్కకి పంపింది. లోపల ఎవరూ లేరని తలుపులోంచి తనే కేకేసి చూసింది. హుడ్డు లోపల ఒక దీపం వెలిగించి ఉంచమన్నాడు బాబాయ్. సీలులో ఎక్కడైనా సందుంటే బయటికి వెలుతురు కనబడుతుందని. ఉంచింది. ఎక్కడా కనబడలేదు, బాగా కుదిరింది. తన తాళం తీసి, చిన్న మోటారు మీట నొక్కింది.

డ్రమ్ము కదిలింది. కొత్త పొలుసులు దాని ఒంటిని ముద్దుగా ఒరుసుకుంటూ సరసరమన్నాయి. అంత పెద్ద యంత్రం అంత నిశ్శబ్దంగా తిరగడం ఎవరూ చూసి ఉండరు. కడియం మీది తుప్పు మచ్చ ఒకటి పైకి వెళ్ళి, అవతలికి దిగింది.

టంగ్.

బావ కళ్ళు మూసుకున్నాడు. ఆ షెడ్డు రేకుల కింద చప్పుడు నాలుగువైపులా మోగింది. పైనుంచి వచ్చిందో, కిందినుంచి వచ్చిందో, ఏ కొసనుంచి వచ్చిందో తెలియలేదు. ఇంజనీరమ్మ సీలు వైపు చూసింది. బావ హుడ్డు వైపు తిరిగాడు. బాబాయ్ చెవి మీద చెయ్యి పెట్టుకుని, వెతుక్కుంటూ, తల వంచి కడియం కిందికి నడిచాడు.

"పెద్దాయనా!" మేనేజరు గావుకేక పెట్టాడు. "ఆ రోలరు ముందు నిలబడకు, ఊడి పడుతుంది! ఇవతలికి రా!"

ఇంజనీరమ్మ చెయ్యి దానంతటదే ఎర్రమీట మీద పడింది. మోటారు ఆగింది. బాబాయ్ బెదిరిపోయి నాలుగడుగులు వెనక్కి వేశాడు.



"రోలరని ఎవరన్నారు సార్?" అంది ఇంజనీరమ్మ. "చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో మాకింకా తెలీదు."

మేనేజరు రోలరు మీంచి చూపు తిప్పుకున్నాడు. ఏదో చెప్పబోయాడు.

టంగ్.

మోటారు తిరగడం లేదు. డ్రమ్ము తిరగడం లేదు. అయినా ఆ చప్పుడు ఈసారి కాళ్ళ కింది గచ్చులోంచి ఎక్కి అందరి ఎముకలకీ తగిలింది. ఇంజనీరమ్మ తలెత్తింది. ఇప్పుడే బిగించిన కొత్త సీలు పైభాగాన, డ్రమ్ముకీ పొలుసులకీ మధ్య, లోపలి దీపం వెలుతురు సన్నటి గీతలా బయటికి కనబడింది. చూస్తుండగానే ఆ గీత వేలెడంత వెడల్పైంది.

"అమ్మాయ్," అన్నాడు బాబాయ్. "డ్రమ్ము కిందికి దిగుతోంది."